హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు: లెక్క మీరే కట్టుకునే పద్ధతి

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరమని ఇంటర్నెట్‌లో వెతికితే దాదాపు 14,400 కిలోమీటర్లని వస్తుంది. పక్కనే ప్రయాణ సమయం 16 గంటలనో 17 గంటలనో కూడా రాసి ఉంటుంది. అది చూసి అమ్మానాన్నలకు టికెట్ తీయబోయినవాళ్లకు 22, 24, ఒక్కోసారి 30 గంటల ప్రయాణాలు కనబడతాయి. వెబ్‌సైట్ లెక్క తప్పేమీ కాదు. ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా తిరిగే విమానం లేదు, లేని విమానానికి సమయం కట్టి చూపించింది.

మనకు నిజంగా పనికొచ్చే అంకెలు వేరు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య కనీస దూరం ఎంత, విమానం నిజంగా తిరిగే దూరం ఎంత, గేటు నుంచి గేటుకు పట్టే సమయం ఎంత, ఇంటి నుంచి ఇంటికి మొత్తం ఎన్ని గంటలు. ఒకదాని మీద ఒకటి ఆధారపడేవే అయినా, ఒకదాని బదులు ఇంకోటి వాడితే మోసపోతాం. ఇక్కడ ఉదాహరణ శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్ వర్త్. ఇదే పద్ధతి ఏ రెండు ఊళ్లకైనా పనిచేస్తుంది.

ముందు విమానాశ్రయం సరైనదో కాదో చూసుకోండి

చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తప్పులు ఇక్కడే మొదలవుతాయి. హైదరాబాద్‌కి హెచ్‌వైడీ అనే కోడ్ 2008 మార్చి దాకా బేగంపేటది, తర్వాత శంషాబాద్‌కి వచ్చింది. పాత జాబితాల నుంచి అంకెలు ఎత్తి రాసిన కొన్నిచోట్ల ఇప్పటికీ బేగంపేట అక్షాంశమే ఉంటుంది. అది శంషాబాద్‌కి ఉత్తరాన సుమారు 24 కి.మీ. అంత దూరపు ప్రయాణంలో ఈ తేడా లెక్కలోకి రాదు గానీ, హైదరాబాద్ నుంచి విజయవాడకో తిరుపతికో లెక్క కడితే వస్తుంది. డాలస్‌లోనూ రెండు విమానాశ్రయాలున్నాయి. లవ్ ఫీల్డ్ కోడ్ డీఏఎల్, అక్కడ దేశీయ సర్వీసులే. మనవాళ్లు దిగేది డాలస్ ఫోర్ట్ వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ)లో.

లెక్కకు కావలసినవి:

శంషాబాద్: 17.24° ఉత్తరం, 78.43° తూర్పు
డాలస్ ఫోర్ట్ వర్త్: 32.90° ఉత్తరం, 97.04° పడమర

అక్షాంశ రేఖాంశాలు ఒక్కోచోట డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి. 17 డిగ్రీల 14 నిమిషాలంటే 17.14 కాదు. 14ను 60తో భాగించి కలపాలి, అప్పుడు 17.23 వస్తుంది.

గోళం మీద దూరం

సూత్రం ఇది (కోణం అంటే భూమి కేంద్రం దగ్గర ఆ రెండు ఊళ్ల మధ్య ఏర్పడే కోణం):

కొసైన్(కోణం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కొసైన్(అక్షాంశం 1) × కొసైన్(అక్షాంశం 2) × కొసైన్(రేఖాంశాల తేడా)

తూర్పు రేఖాంశాన్ని ప్లస్‌గా, పడమరను మైనస్‌గా తీసుకోవాలి. మన రెండు ఊళ్ల మధ్య తేడా 78.43 − (−97.04) = 175.47 డిగ్రీలు. ఇక అంకెలు వేద్దాం.

మొదటి భాగం: 0.2964 × 0.5432 = 0.1610
రెండో భాగం: 0.9551 × 0.8396 × (−0.9969) = −0.7994
కూడితే: −0.6384
ఆ కొసైన్ ఉన్న కోణం: 129.67 డిగ్రీలు

భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ. ఆ లెక్కన ఒక్కో డిగ్రీకి 111.195 కి.మీ. 129.67ను దానితో గుణిస్తే సుమారు 14,420 కి.మీ. 1.852తో భాగిస్తే 7,786 నాటికల్ మైళ్లు, 1.609తో భాగిస్తే 8,960 మామూలు మైళ్లు. ఈ రెండు మైళ్లను కలగలిపేసి "నా లెక్క తేడా వచ్చింది" అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. విమానయానంలో మైలంటే నాటికల్ మైలే. టికెట్ మీద, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతాలో కనిపించేది మామూలు మైలు.

ఎక్సెల్‌లో చేస్తే డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చడం మరవకండి, లేకపోతే నోటికొచ్చిన అంకె వస్తుంది. చివర్లో వచ్చే కోణం కూడా రేడియన్లలోనే ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా 6,371తో గుణిస్తే చాలు. పడమరకు మైనస్ పెట్టడం మరిచిపోతే వచ్చే తప్పు మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ జవాబు నమ్మేలా ఉంటుంది. డాలస్‌కి మైనస్ లేకుండా లెక్క వేస్తే సుమారు 2,550 కి.మీ. వస్తుంది. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఉన్న దూరమూ సరిగ్గా అంతే!

భూమి నిఖార్సైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల వైపు 6,357. అందుకే మీ లెక్కకూ గ్రేట్ సర్కిల్ మ్యాపర్ లాంటి సైట్ చూపే దూరానికీ కొద్దిగా తేడా ఉంటుంది. అది అర శాతం దాటితే మాత్రం ఎక్కడో పొరపాటు పడ్డట్టే.

ఆ గీత ఎక్కడెక్కడి నుంచి పోతుంది

దూరం తెలిసింది కదాని ఇక్కడ ఆగకూడదు. ఈ గీత దారిని చూస్తేనే నేరు విమానం ఎందుకు కష్టమో అర్థమవుతుంది. గోడ మీది మ్యాపులో డాలస్ మనకు పడమటి చివర ఉంటుంది. గోళం మీద మాత్రం శంషాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి, కేవలం 5 డిగ్రీలు పడమటికి ఒరిగి బయల్దేరాలి. గీత ఢిల్లీ మీదుగా వెళ్తుంది, కారకోరంలో కే2 శిఖరాన్ని దాదాపు తాకుతుంది, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్ దాటి రష్యాలో ఓమ్‌స్క్ పక్కనుంచి సైబీరియా మీదుగా ఆర్కిటిక్‌లోకి పోతుంది. ఉత్తర ధ్రువానికి 525 కి.మీ. దాకా చేరి, అవతలి వైపు కెనడా మీదుగా టెక్సాస్‌కి దిగుతుంది.

ఇందులో ప్రతి ముక్కకూ ఒక చిక్కు ఉంది. విమానం లోపలి గాలి పీడనం పోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల దరిదాపులకు దిగాలి. కే2 ఎత్తు 8,611 మీటర్లు, అంటే 28,000 అడుగుల పైమాటే. చుట్టుపక్కల కొండలూ తక్కువేమీ కావు, అక్కడ దిగడానికి చోటుండదు. అందుకే విమానయాన సంస్థలు ఆ పర్వతాలను వీలైనంత తప్పించి పోతాయి. ఆర్కిటిక్‌లో ఇంకో సమస్య ఇంధనం. విమాన ఇంధనాల్లో జెట్ ఏ అనే రకం −40 డిగ్రీల దగ్గర, జెట్ ఏ-1 −47 డిగ్రీల దగ్గర గడ్డకట్టే స్థితికి వస్తాయి. గంటల తరబడి చలిలో ఎగిరితే ట్యాంకులోని ఇంధనం ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే కిందికి దిగడమో వేగం పెంచడమో చేయాలి. సూర్యుడి నుంచి తుపాను వచ్చిన రోజుల్లో రేడియో సంబంధాలు దెబ్బతింటాయి కాబట్టి ధ్రువ మార్గమే మానుకుంటారు.

దూరం మాత్రం అసాధ్యం కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే నేరు సర్వీసు సుమారు 15,350 కి.మీ., మన గీత కంటే 900 కి.మీ. పైగా ఎక్కువ. దానికి ప్రత్యేకంగా ఎక్కువ ఇంధనం పట్టేలా చేసిన ఎయిర్‌బస్ ఏ350 వాడతారు. హైదరాబాద్ నుంచి అమెరికాకి నేరు విమానం కూడా కొత్త మాట కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకి మొదలుపెట్టింది, 13,280 కి.మీ. అది నిలబడలేదు.

మజిలీతో దూరం

ఇప్పుడు నిజం విమానాలకు వద్దాం. మజిలీ ఊరి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని పై లెక్కనే రెండుసార్లు చేసి కూడాలి. ఎక్కువమంది వెళ్లే నాలుగు దారులకు, పదుల్లోకి సవరించి:

లండన్ మీదుగా: 7,750 + 7,630 = 15,380 కి.మీ.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,120 + 8,260 = 15,380 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,550 + 12,920 = 15,470 కి.మీ.
దోహా మీదుగా: 2,910 + 12,740 = 15,650 కి.మీ.

అతి దగ్గరి దారికీ అతి దూరపు దారికీ తేడా 270 కి.మీ., గాల్లో ఇరవై నిమిషాలు కూడా కాదు. కాబట్టి "ఏ దారి దగ్గర?" అన్న ప్రశ్నతో ఈ ప్రయాణంలో పనిలేదు. తేడా అంతా మజిలీలో కూర్చునే గంటల్లో, ప్రయాణం ఎలా విడిపోతుందన్న దాంట్లో ఉంది. గల్ఫ్ దారిలో ఒకటి చిన్నది, ఒకటి ఏకబిగిన 16 గంటలది. యూరప్ దారిలో రెండూ దాదాపు సమానం, పదేసి గంటలు. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపులు ఉన్న పెద్దవాళ్లకు రెండో పద్ధతే మేలు. ఒకసారి పడుకుంటే లేవని పిల్లలున్నవాళ్లకు మొదటిది నయం.

ఎవరి విమానం అన్నదాన్ని బట్టి దారి మారుతుంది

గీత గీసినచోటల్లా ఎగరనివ్వరు. 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ గగనతలం పౌర విమానాలకు మూసి ఉంది. అదే సమయం నుంచి అమెరికా, కెనడా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంస్థలకు రష్యా మీదుగా దారి లేదు, గల్ఫ్ సంస్థలకూ మన సంస్థలకూ ఉంది. 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. అవే రెండు ఊళ్ల మధ్య ఒక సంస్థ విమానం గంట ముందు చేరడం, ఇంకోటి ఆలస్యం కావడం వెనుక చాలాసార్లు ఉన్నది ఇదే.

ఈ ఆంక్షలు ఎప్పుడు వస్తాయో ఎప్పుడు పోతాయో చెప్పలేం. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే దోహా మీదుగా వెళ్లాల్సినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. టికెట్ కొనేముందు విమానాల దారి చూపే ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో మీ ఫ్లైట్ నంబరు కొట్టి, గత వారం రోజులు అది నిజంగా ఏ దారిన తిరిగిందో చూడండి.

లెక్క కోసం ఒక మోటు సూత్రం. మామూలు రోజుల్లో గోళం మీది దూరానికి 3 నుంచి 6 శాతం కలపండి. గగనతలం మూసి చుట్టు తిరగాల్సిన దారి అయితే ఈ శాతాన్ని నమ్మకండి, చుట్టు తిరిగే చోటును మజిలీలా పెట్టి రెండు ముక్కలుగా లెక్క కట్టండి.

దూరం నుంచి గంటలు

పెద్ద విమానాలు, అంటే 777, 787, ఏ350 లాంటివి, పైకి వెళ్లాక మాక్ 0.84, 0.85 వేగంతో, అంటే ధ్వని వేగంలో 84, 85 శాతంతో పోతాయి. ఆ ఎత్తులో −56 డిగ్రీల చలిలో ధ్వని వేగం గంటకు 1,062 కి.మీ., కాబట్టి విమానం వేగం దాదాపు 900. గల్ఫ్‌కి తిరిగే చిన్న విమానం, ఏ320 లాంటిది అయితే 830 అనుకోండి.

కానీ అది గాలిలో వేగం. నేల మీద ఎంత దూరం సాగుతుందన్నది గాలి నిర్ణయిస్తుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది, చలికాలంలో మరింత బలంగా. దాని నడిబొడ్డున గాలి గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. అమెరికా వెళ్లే విమానం ఆ గాలిని తప్పించుకోవడానికి గ్రీన్‌లాండ్ వైపు ఉత్తరంగా పోతుంది. తిరుగు ప్రయాణంలో కావాలని దక్షిణంగా వచ్చి అదే గాలి మీద సవారీ చేస్తుంది. తప్పించుకున్నాక కూడా సగటున గంటకు 50 కి.మీ. ఎదురుగాలి మిగులుతుందని అనుకోవచ్చు. వచ్చేటప్పుడు 60 కలిసొస్తుంది.

వీటికి నేల మీది పనులు కలపాలి. పుష్‌బ్యాక్ (గేటు నుంచి విమానాన్ని వెనక్కి నెట్టడం), రన్‌వే దాకా నేల మీద సాగడం, నెమ్మదిగా పైకి లేవడం, కిందికి దిగడం, గేటు దొరకడం, అన్నీ కలిపి 40, 45 నిమిషాలు. డీఎఫ్‌డబ్ల్యూ ఏడు రన్‌వేల మహా ప్రాంగణం, దిగాక గేటుకు చేరడానికే పావుగంట పట్టే రోజులుంటాయి.

దోహా నుంచి డాలస్‌కి వేసి చూద్దాం.

12,740 కి.మీ.కు 3 శాతం కలిపితే 13,120
900 లోంచి 50 ఎదురుగాలి తీస్తే 850
13,120 ÷ 850 = 15.44, అంటే 15 గంటల 26 నిమిషాలు
దానికి 45 నిమిషాలు కలిపితే 16 గంటల 11 నిమిషాలు

తిరుగు ప్రయాణం: 13,120 ÷ 960 = 13.67, అంటే 13 గంటల 40 నిమిషాలు, నేల మీది 45 నిమిషాలతో 14 గంటల 25 నిమిషాలు. ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్ కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. 15.44ను 15 గంటల 44 నిమిషాలుగా చదవకండి. దశాంశం తర్వాతి భాగాన్ని 60తో గుణిస్తేనే నిమిషాలు.

టైమ్‌టేబుల్‌లో చూపేది గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా. విమానయానంలో దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. సంస్థలు ఇందులో కాస్త వెసులుబాటు కలిపే వేస్తాయి, అరగంట ఆలస్యంగా లేచినా "సమయానికి చేరాం" అనుకోవడానికి. అందుకే ఫ్లైట్‌అవేర్‌లోనో ఫ్లైట్‌రాడార్24లోనో గత పది రోజుల వాస్తవ సమయాలు చూసి సగటు తీసుకుంటే మీ లెక్కకంటే, వాళ్ల టైమ్‌టేబుల్ కంటే కూడా అదే నమ్మకమైనది. జనవరి టికెట్‌కి జూలై సమయాలు చూస్తే మాత్రం గాలి తేడాతో దెబ్బతింటారు.

గడియారం లెక్క

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. మనది యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 5:30 ముందు. ఖతార్ 3:00 ముందు, ఏడాదంతా అంతే. డాలస్ చలికాలంలో 6:00 వెనక, ఎండాకాలంలో 5:00 వెనక. అంటే మనకూ డాలస్‌కీ తేడా ఒకప్పుడు పదకొండున్నర గంటలు, ఒకప్పుడు పదిన్నర. అమెరికాలో ఈ మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. 2026లో మార్చి 8, నవంబరు 1. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాలు. మధ్యలో మిగిలే వారాల్లో లండన్, డాలస్ తేడా ఆరు గంటలు కాదు, ఐదే.

ఒక నమూనా, జనవరి 10న:

శంషాబాద్‌లో తెల్లవారుజామున 3:40కి బయల్దేరి, 4 గంటల 35 నిమిషాల తర్వాత దోహా: అక్కడి సమయం 5:45
దోహాలో రెండు గంటలు ఆగి 7:45కి బయల్దేరి, 16 గంటల 20 నిమిషాల తర్వాత డాలస్: అక్కడి సమయం అదే రోజు మధ్యాహ్నం 3:05

గడియారాల తేడా 11 గంటల 25 నిమిషాలు. దానికి 11:30 కలిపితే 22 గంటల 55 నిమిషాలు. విడిగా కూడినా (4:35 + 2:00 + 16:20) అంతే రావాలి. రెండూ కలవకపోతే ఏదో ఊరి సమయం తప్పు తీసుకున్నారన్నమాట. ఈ సరిచూపు ఎప్పుడూ చేయండి, ఒక్క నిమిషం పని.

తిరుగు ప్రయాణంలో తేదీ రెండు రోజులు ముందుకు జరుగుతుంది. జనవరి 10 సాయంత్రం 6:30కి డాలస్‌లో ఎక్కితే, దోహాలో రెండుంపావు గంటలు ఆగి, 12వ తేదీ తెల్లవారుజామున 2:50కి శంషాబాద్‌లో దిగుతారు. మొత్తం ప్రయాణం 20 గంటల 50 నిమిషాలే, కానీ తీసుకెళ్లడానికి కారు 11 రాత్రి బయల్దేరాలి. వెళ్లేటప్పుడు ఇంకా పెద్ద గోతి ఉంది. "10వ తేదీ 3:40" అంటే 9వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 10వ తేదీ రాత్రి సూట్‌కేసులతో వచ్చి నిలబడితే విమానం పోయి దాదాపు రోజు గడిచి ఉంటుంది.

మజిలీలో ఎంత సమయం ఉండాలి

ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్‌తో ఉంటే రెండు గంటలు సరిపోతాయి. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి విమానంలో చోటు చూపించాల్సిన బాధ్యత సంస్థదే. విడివిడి టికెట్లు కొంటే ఆ పూచీ ఉండదు, సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, ఆ దేశ వీసా కూడా కావలసి రావచ్చు. ఐదారు గంటలకు తక్కువైతే అలా కొనకండి.

మజిలీ అమెరికాలోనే ఉంటే, ఉదాహరణకు చికాగోలోనో న్యూయార్క్‌లోనో, ఇమిగ్రేషన్ అక్కడే. సామాను తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. మూడు గంటలు ఉండేలా చూసుకోండి. అబూదాబీలో మాత్రం అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. అమెరికాలో దిగాక వరుస ఉండదు గానీ, అబూదాబీలో ఆ సమయం పోతుంది.

ఇంటి నుంచి ఇంటికి

విజయవాడ నుంచి బయల్దేరేవాళ్లకు పై నమూనానే పొడిగిద్దాం. శంషాబాద్‌కి రోడ్డు మీద ఐదారు గంటలు. విమానానికి మూడు గంటల ముందు, అంటే రాత్రి 12:40కల్లా చేరాలి. కాబట్టి 9వ తేదీ సాయంత్రం 6 గంటలకు ఇల్లు కదలాలి. డాలస్‌లో 3:05కి గేటు చేరాక ఇమిగ్రేషన్, సామాను అన్నీ అయ్యేసరికి 4:30 అనుకుందాం. మొత్తం 34 గంటలు. వెబ్‌సైట్ చెప్పిన 16 గంటలకు రెట్టింపు దాటింది.

షుగర్, బీపీ, థైరాయిడ్ మందులు వాడే పెద్దవాళ్లకు ఈ 34 అంకే అసలైనది. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న పద్ధతి ఊరి గడియారం మారగానే తప్పుతుంది. ఎన్ని గంటల ప్రయాణమో, మధ్యలో ఎన్ని మోతాదులు పడతాయో రాసుకెళ్లి డాక్టర్‌ని అడిగించండి, ఇన్సులిన్ అయితే తప్పనిసరిగా. మందులు చేతి సంచిలోనే పెట్టించండి, ప్రయాణ గంటలకు ఇంకో రోజుకు సరిపడా ఎక్కువ కలిపి.

తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు టికెట్ మీది 3:05 చూసి కారు తీయనక్కర్లేదు. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా డీఎఫ్‌డబ్ల్యూ టెర్మినల్ డీకి వస్తాయి. విమానం కెనడా దాటాక ట్రాకర్‌లో కనిపించే చేరే సమయం మహా అయితే పది నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. దానికి గంటంపావు కలిపి బయట నిలబడండి. వీల్‌చైర్ చెప్పి ఉంటే విమానం దిగే వరుసలో చివరన వస్తారు, ఇమిగ్రేషన్‌లో మాత్రం ముందు పోతారు. మొత్తం మీద సమయం ఇంచుమించు అంతే.